అత్త ముంగిట్లో ఇంగ్లీషు తోట

మా మొక్కల గ్రూపులో ఎవరికీ నేల లేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కర్ణాటక అంచున తెలుగు మాట్లాడే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి, మూడు ఊళ్ళ నుంచీ చేరిన జనం. ఇళ్ళు కట్టుకునేటప్పుడు సైటు అంచుదాకా సిమెంటు పోయించి, కారుకు చోటు చూసుకుని, తులసికోటను కూడా టైల్సు మీద నిలబెట్టి, ఆ తర్వాత మేడమీద ప్లాస్టిక్ కుండీలు పేర్చుకుని ప్రకృతి ప్రేమికులైనవాళ్ళు. నేనూ అందులో ఒకతెనే. చింతామణిలో హైస్కూలు సైన్సు టీచర్ని. మేడమీది వంకాయ మొక్కలకు పిండినల్లి పడితే ఏం చేయాలో అడుగుదామని చేరాను. పిండినల్లి పోలేదు. గులాబీల బొమ్మల మీద శుభోదయాలు మాత్రం రోజూ వస్తున్నాయి.

గ్రూపుకు పెద్ద ఇంజినీరు సారు. చిక్కబళ్ళాపురంలో ఉంటాడు. రిటైరయ్యేదాకా రోడ్లు వేయించాడు, రోడ్ల పక్కనున్న చింతచెట్లు కొట్టించాడు. ఇప్పుడు ఆయన మొక్కను మొక్క అనడు, స్పెసిమెన్ అంటాడు. ఆయన తర్వాత అంత గొంతున్నది బాగేపల్లి మేడమ్. వెడల్పాటి టోపీ పెట్టుకోకుండా ఏ మొక్క దగ్గరికీ రాదు, మబ్బు పట్టిన సాయంత్రమైనా సరే. ఆమె ఒకసారి ఇంగ్లండు యాత్రకు వెళ్ళి, బస్సు కిటికీలోంచి కొన్ని తోటలు చూసి వచ్చింది. అప్పటినుంచీ మా అందరికీ తిప్పలు మొదలయ్యాయి. మిగిలినవాళ్ళంతా గంగిరెద్దుల్లాగా తల ఊపేవాళ్ళు.

ఒక ఆదివారం మా ఇంట్లో సమావేశం పెట్టారు. బాగేపల్లి మేడమ్ ఆ యాత్రలో కొన్న పెద్ద బొమ్మల పుస్తకం టీపాయ్ మీద పెట్టి, "ఇది కాటేజ్ గార్డెన్. మనం ఒకటి చేసి చూపించాల" అంది. అందరూ బొమ్మలు తిప్పి చూసి నిట్టూర్చారు. చేయడానికి నేల ఎక్కడిది అనే ప్రశ్న దగ్గర అందరి చూపులూ కాళ్ళకింది టైల్సు మీదికి పోయాయి.

ఆ రోజు మా మేనత్త మా ఇంట్లోనే ఉంది. కళ్ళ డాక్టరుకు చూపించుకోవడానికి బట్లహళ్ళి నుంచి వచ్చింది. ఆమె కొడుకూ కోడలూ అక్కడ పట్టుపురుగులు పెంచుతారు. ఊళ్ళో ఇల్లు చిన్నదే గానీ దాని ముందర మంచి నేల ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడి వీళ్ళ మాటలు విన్న అత్త చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నేలకేం బాధప్పా? మా ఇంటి ముందర అంత నేలుండాది. రాండి, మీకు కావల్సిన మొక్క నాటుకోండి. మనుషులు వచ్చిపోతాంటే నాకూ బాగుంటాది."

మొదటి మాట దగ్గరే చప్పట్లు మొదలయ్యాయి. చివరి మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. నాకు మాత్రం ఆ చివరి మాటే గుచ్చుకుంది, ఎందుకంటే అత్తకు ఆ ముంగిలి ఏమిటో నాకు తెలుసు.

ఆ ముంగిట్లో వరస అనేది లేదు. కనకాంబరాల మధ్య మిరపచెట్టు, మల్లెపొద పక్కన పుదీనా, నందివర్ధనానికి చుట్టుకున్న బీరతీగ, తులసి దగ్గర వాము ఆకు, దారికి అడ్డంగా మరువం. చలికి చిక్కుడులాంటి అనపకాయల కాలం వస్తే గోడంతా అనపపాదు. తెల్లవారేసరికి ఆ వీధి ఆడవాళ్ళంతా అక్కడికి వస్తారు. దేవుడికి పూలు, పిల్లవాడి దగ్గుకు వాము ఆకు, పులుసులోకి రెండు మిరపకాయలు, ఎవరికి కావలసింది వాళ్ళు కోసుకుంటారు. అడగాల్సిన పని లేదు. ఒక్కటే కట్టుబాటు. వచ్చేవాళ్ళు తమ ఇంటినుంచి ఒక చెంబు నీళ్ళు తెచ్చి, ఏదో ఒక చెట్టు మొదట్లో పోసి, ఆ తర్వాతే పువ్వు మీద చెయ్యి వెయ్యాలి. ఉత్త చెంబుతో వచ్చినవాళ్ళను అత్త అరుగు మీదనుంచే పట్టుకుని ఆటపట్టించేది. చెంబు వంచిన తర్వాత ఎవరూ వెంటనే పోరు. అరుగు మీద కూలబడి కోడళ్ళ సంగతులు, పట్టుగూళ్ళ మార్కెట్టు ధరలు, ఎవరింటి ఆవు ఈనిందో అన్నీ చెప్పుకుని పోతారు. మామ పోయిన తర్వాత అత్తను నిలబెట్టింది ఆ పొద్దుటి జనమే. ఆమే ఆ మాట చాలాసార్లు అంది.

ఇంజినీరు సారు ప్లాను గీశాడు. రోడ్డుకు గీసినట్టే గీశాడు. లాప్‌టాప్‌లో రంగురంగుల గళ్ళు: ఇక్కడ లావెండర్, ఇక్కడ డెల్ఫినియం, వెనకవైపు హాలీహాక్, మధ్యలో గులాబీ తీగ పాకే కమాను. బాగేపల్లి మేడమ్ దానికి కలర్ స్కీము చెప్పింది. తెలుపు, నీలం, లేత గులాబీ తప్ప మరొకటి కనబడకూడదట. కనకాంబరం రంగు చూస్తే ఆమెకు తలనొప్పి వస్తుందట. జిల్లా అంతా పూలు పండించి బండ్లకెత్తి పంపే చోట పుట్టి, చామంతినీ కనకాంబరాన్నీ "మార్కెట్ పూలు" అని మూతి ముడిచే మనుషుల్ని ఇంకెక్కడ చూస్తాం?

నేను అడ్డుపడ్డాను. ఉన్నవాటి మధ్యలో నాలుగు మొక్కలు నాటండి, ఉన్నవి కదిలించొద్దు అన్నాను. "సరే మేడమ్, సరే" అన్నారు. తర్వాత చలికాలంలో టీచర్ల ట్రైనింగు పడి నేను కోలారు పోయాను. వాళ్ళు ఆ వారంలోనే ముహూర్తం పెట్టుకున్నారు.

తిరిగొచ్చి బట్లహళ్ళిలో బస్సు దిగి వీధిలోకి మళ్ళేసరికి మొదట మేకలు కనబడ్డాయి. అత్త ఇంటి ముందర రోడ్డు మీద కుప్పగా పడేసిన మల్లెపొద, నందివర్ధనం, మరువం మేస్తున్నాయి. లోపల ఎర్రమట్టి దువ్వినట్టు చదునుగా ఉంది. అందులో వరసగా, స్కూల్లో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లాగా చిన్న చిన్న మొక్కలు. పాత మట్టిగోడ తీసేసి తెల్లరంగు చెక్కల కంచె కట్టారు, దానికో గేటు, గేటుకో బోర్డు. గ్రూపువాళ్ళంతా ఆ కంచె ముందర నిలబడి తీసుకున్న ఫోటో అప్పటికే నా ఫోన్లోకి వచ్చింది. టోపీ నడిమధ్యలో ఉంది.

అత్త అరుగు మీద కూర్చుని ఉంది.

"అన్నీ పీకి కొత్తవి పెట్టినారు పాపా. ఇంగ్లీషు మొక్కలంట. బాగొస్తాయని చెప్తాండారు."

"నువ్వు వద్దని చెప్పలేదా అత్తా?"

"ఇంటికొచ్చినోళ్ళను వద్దని ఎట్ల అనేది? రెండు మొక్కలు పెట్టుకుంటారేమో అనుకుంటి." పక్కనున్న ఖాళీ అరుగు చూపించి, "వాళ్ళొచ్చిపోయినంక పొద్దున్నే ఎవురూ రావడంలేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. తర్వాతి సమావేశంలో నోరు చేసుకున్నాను. ఇంజినీరు సారు ఓపిగ్గా, పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "మేడమ్, అది డిజైన్ చేసిన జాగా. ఊరంతా లోపలికొచ్చి కోసుకుంటా పోతే స్కీమ్ ఏం కావల్ల?"

నేను బాగేపల్లి మేడమ్ పుస్తకం లాక్కుని, బొమ్మలు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి తెలుగులో చెప్పాను. కాటేజ్ గార్డెన్ అంటే ఆ దేశపు కూలిజనం తమ గుడిసె ముందర వేసుకున్న తోట. పూలు, కూరలు, మందాకులు అన్నీ కలిపి ఒత్తుగా, వరసా క్రమం లేకుండా, ఇంటికి ఏం కావాలో అది. ఇరుగుపొరుగు ఒకరికొకరు కొమ్మలిచ్చుకుని పెంచుకున్నది. "మీరు పీకి పారేసింది ఇదే. మేకలకు వేసింది ఇదే" అన్నాను.

బాగేపల్లి మేడమ్ పుస్తకం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, "అదంతా మన ఇండియన్ కండిషన్స్‌కు సరిపోదు" అంది. తలలు ఊగాయి. తర్వాత టిఫిను పెట్టారు. నేను తినలేదని కూడా ఎవరూ గమనించలేదు.

నీళ్ళ సంగతి ఆ ప్లానులో ఒక నీలం గీత. బోరునుంచి సన్నపైపులు వేస్తే చుక్కచుక్కగా పడతాయని సారు లెక్క. బోరు నీళ్ళు పట్టుపురుగులకేసే మల్బరీకే చాలడంలేదని అత్త కొడుకు మొదటిరోజే చెప్పాడు. సారు విన్నాడు, తల ఊపాడు, పైపులు వేసి పోయాడు. అంత మెట్టనేలలో ఆ ముంగిలి ఏడాది పొడుగునా పచ్చగా ఎలా ఉండేదో వాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇంజినీరుకు కూడా రాలేదు. ఊరి చెంబులు ఆయన ప్లానులో ఎక్కడ కనబడతాయి?

ఎండలు ముదిరాయి. లావెండర్ మొదట పోయింది. డెల్ఫినియం తలెత్తినట్టే ఎత్తి వాలిపోయింది. హాలీహాక్ ఒక్కటి పంతం పట్టి మోకాలెత్తు పెరిగి, ఒక పువ్వు పూసి, అది ఫోటోలో పడిన తర్వాత ఎండిపోయింది. వారం వారం వస్తామన్నవాళ్ళు రావడం మానేశారు. ఎండకు టోపీలున్నాయి గానీ, ఆ ఎండలో తమకు పని ఉందని అనిపించలేదు వాళ్ళకు.

వేసవి సెలవుల్లో నేను అత్త దగ్గర ఉన్నాను. ఆమె ఎప్పటిలాగే చీకటి ఉండగానే లేచి, వాకిలి చిమ్మి, ముగ్గు వేసి, అరుగు మీద కూర్చునేది. వీధిలో ఆడవాళ్ళు పోతూనే ఉండేవాళ్ళు. బండి దగ్గర మూరలెక్కన పూలు కొనుక్కుని, మా కంచె దాటేటప్పుడు తల అటు తిప్పుకునేవాళ్ళు. ఒక పొద్దున ఎదురింటి కోడలు చెంబుతో బయటికొచ్చింది. అలవాటు కొద్దీ వచ్చిందనుకుంటాను. గేటుదాకా వచ్చి, బోర్డు చూసి, నీళ్ళు రోడ్డు పక్కన వంచేసి వెనక్కి పోయింది.

అత్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూసినావా పాపా? నేనేం అన్నానని వీళ్ళకంత కోపం? ఎవురినైనా ఒక మాట అన్నానా?"

అప్పుడు నాకు తట్టింది. "అత్తా, ఆ బోర్డు మీద ఏం రాసుందో నీకెవరైనా చెప్పినారా?"

"మొక్కల పేర్లు కదా? ఆ టోపీ అమ్మ అట్లే చెప్పె."

అత్త చదువుకోలేదు. ఆమెకు తెలిసే పెట్టారనుకుని కొడుకూ కోడలూ, నేనూ ఊరుకున్నాం. ఆ బోర్డు మీద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉన్నది నేను చదివి చెప్పాను: లోపలికి రాకూడదు, పూలు కోయకూడదు.

"నా ఇంటి ముందర?" అంది అత్త. "నేను చెప్పినట్టు?"

లేచి గేటు దగ్గరికి పోయి, రెండు చేతులతో బోర్డు పట్టుకుని ఊపి ఊపి పీకింది. నేను సాయం పోబోతే మోచేత్తో నెట్టేసింది. దాన్ని తీసుకుపోయి నీళ్ళపొయ్యిలోకి తోసి, ఎదురింటి గుమ్మం ముందు నిలబడి వీధికంతా వినబడేటట్టు అరిచింది. "ఒసేయ్, ఆ రాత నాది కాదే! నాకు సదవను రాదని మీకు తెలీదా? చెంబు తీసుకోని రాండి!"

మరుసటి పొద్దున వచ్చారు. ఉత్త చెంబులతో కాదు. అత్త ఎన్నో ఏళ్ళుగా అడిగినవాళ్ళకల్లా కొమ్మలు విరిచి ఇచ్చింది. అవన్నీ ఆ వీధి పెరళ్ళలో బతికే ఉన్నాయి. ఎదురింటి కోడలు మల్లె అంటు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఒకరు మరువం, ఒకరు నందివర్ధనం కొమ్మ, ఒకరు పిడికెడు అనపగింజలు. ఎవరికి తోచిన చోట వాళ్ళు నాటి, పైన చెంబు వంచారు. ఎక్కడ ఏది నాటాలని ఎవరూ ఎవరినీ అడగలేదు. అత్త అరుగు మీద కూర్చుని అందరినీ పేరుపేరునా తిడుతూ ఉంది. ఆమె గొంతు అంత గట్టిగా విని చాలా కాలమైంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వానలు పడి, చలి మొదలయ్యేసరికి ముంగిలి మళ్ళీ దారి కనబడనంతగా కమ్ముకుంది. తెల్లకంచె మీదికి అనపపాదు ఎక్కింది. ఆ కంచె ఒక పనికైనా వచ్చింది.

అప్పుడు గ్రూపు దిగింది, ఏడాది సమీక్ష అని. నేనూ అక్కడే ఉన్నాను. ఎండిపోయిన తోట చూసి ముఖాలు మాడ్చుకోవడానికి సిద్ధమై వచ్చినవాళ్ళు, గేటు తీసి గుడ్లప్పగించారు. బాగేపల్లి మేడమ్‌కు ఆ రోజు కనకాంబరం రంగు తలనొప్పి తేలేదు. ఇంజినీరు సారు చుట్టూ తిరిగి చూసి, "మన స్ట్రక్చర్ బాగా పనిచేసింది" అన్నాడు. నవ్వాలో కొట్టాలో నాకు తెలియలేదు. పొద్దున్నే వచ్చిన ఆడవాళ్ళు ఇంకా అరుగు మీద ఉన్నారు, కొందరు చెంబులతో మొక్కల మధ్య ఉన్నారు. మేడమ్ ఫోను పైకెత్తి, "అమ్మా, కొంచెం పక్కకు జరగండి, ఫోటోలో అడ్డమొస్తాండారు" అంది. జరిగారు. అత్తను కూడా జరిపారు.

సాయంత్రానికి ఫోటో గ్రూపులోకి వచ్చింది. కింద రాసింది: మన కాటేజ్ గార్డెన్, ఏడాది తర్వాత. దానికింద చప్పట్లు, పూలగుత్తులు, దండాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. నేను ఆ గ్రూపులోంచి బయటికి రావడానికి వేలు పెట్టి, ముందు అత్తకు చూపించాలనిపించి ఫోను ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని చాచిన చేతిలో దూరంగా పెట్టుకుని, కళ్ళు చిట్లించి చూసింది.

"బాగుండాది. ఎవురిల్లు పాపా ఇది?"

"నీదే అత్తా."

మళ్ళీ చూసింది. నమ్మలేదు. ఫోను నాకు తిరిగిచ్చేస్తూ అంది: "మాదైతే మనుషులు యాడ?"