పాయింట్ల మధ్య శుభలేఖ

నిన్న సర్వీస్ సెంటర్‌లో ఒకాయన, "మేడమ్, సార్‌ని రమ్మనండి, ఆయనకి చెప్తాం" అన్నాడు. కారు నాదిరా బాబూ! ఒళ్లు మండింది. కానీ బానెట్ లేచి, పెట్రోలూ వేడి రబ్బరూ కలిసిన వాసన తగలగానే బందరులో మా పాత అంబాసిడర్ కళ్ల ముందుకొచ్చేసింది! తొంభైల పిల్లలూ, గుర్తుందా, టూల్ బాక్సులో పసుపు అంటిన శుభలేఖ?

ఆ రోజు పదింటికి గుడివాడ కాలేజీలో అక్కకి సీటు కోసం ఇంటర్వ్యూ. కారు గురగురమంటుంది తప్ప స్టార్టవదు. మెకానిక్ షెడ్డు తెరిచేసరికే పది దాటుతుందని నాన్న తల పట్టుకున్నారు. అమ్మ కొంగు బిగించి బానెట్ ఎత్తింది. ఇంజనుకి నిప్పురవ్వ అందించే పాయింట్లు సముద్రపు గాలికి నల్లబడితే, వాటిని ఉప్పుకాగితంతో రుద్ది, వాటి మధ్య సందు సరిచూడటానికి శుభలేఖ దూర్చింది.

"పెళ్లికార్డుతో కారు నడుస్తుందా అక్కా?" అమ్మ తమ్ముడు, మా మావయ్య వెక్కిరించాడు.

"సంసారాలే నడుస్తున్నాయిగా! ముందు నువ్వు తాళం తిప్పరా."

ఒక్క తిప్పుకే ఇంజను గర్జించింది! మేం గెంతులేశాం. ఆడవాళ్లకి యంత్రాలు తెలియవని ఏ శాస్త్రంలో రాశారండీ?

పామర్రు మీదుగా పరుగు పెట్టి టైముకి చేరాం. చేతులు కడుక్కునే తీరికెక్కడ? గేటు దగ్గర అమ్మ అక్క బుగ్గలు పట్టుకుని "ధైర్యంగా చెప్పవే" అంది. రెండు బుగ్గల మీదా నల్లటి వేలిముద్రలు!

"అయ్యో, తుడుచుకోవే!"

"ఉండనీ అమ్మా" అంటూ అక్క అలాగే లోపలికి వెళ్లింది.