ఎడమకు తిరిగే తీగ

"...మగవాడు కొయ్యాలంటే నేను మగవాణ్ణి కానాండీ, పిన్నిగారూ?"

"ఎందుకు కావు బాబూ, నిక్షేపంలాంటి మగవాడివి. ఈ ఇంటి మగవాడివి కావంటున్నాను, అంతే."

గేటు గడియ తీస్తున్న ఉదయశ్రీ చెయ్యి ఆగిపోయింది. పెరట్లో అమ్మ కామాక్షీ, తమ్ముడి స్నేహితుడు మధుబాబూ. ఇద్దరూ గొంతు పెంచలేదు. భీమడోలులో గట్టి తగాదాలు చాలావరకు ఇంత మెత్తగానే సాగుతాయి.

పువ్వు కోసి భద్రపరచడానికి మధుబాబును తాడేపల్లిగూడెం నుంచి రప్పించింది ఉదయశ్రీయే. తాను కూడా ఏలూరు కాలేజీలో ఒకపూట సెలవు పెట్టి రైలెక్కింది. అక్కడ ఆమె బోటనీ చెబుతుంది. పరిశోధన చేయాలని ఒకప్పుడు ఉండేది. ఎరువుల కొట్టు నడిపే నాన్న హఠాత్తుగా పోయాక, ఇంట్లో ఒకరికే చదువు సాగే వీలుండటంతో ఆమె ఉద్యోగంలో చేరింది, తమ్ముడు ఫణికిరణ్ ముందుకు వెళ్ళాడు. వెళ్ళి వెళ్ళి అండమాన్ అడవుల్లో మొక్కల సర్వేకి చేరాడు. మధుబాబుదీ అదే పని. ముందుగా తిరిగివచ్చిన మధుబాబు చేతికి ఫణి ఒక తీగ ముక్కను తడిగోనెలో చుట్టి ఇచ్చాడు, మా అక్కకివ్వు, బతికిస్తుంది అని. ఆ తరవాత ఒక పొద్దున్న ఫణి అడవిలోకి వెళ్ళాడు. వెతికినవాళ్ళకు వాగు ఒడ్డున సంచీ దొరికింది. మనిషి దొరకలేదు. అది జరిగి మూడేళ్ళు కావస్తోంది.

ఉదయశ్రీ తీగను బతికించింది. చిటికెనవేలంత ఉన్నది మణికట్టంత లావెక్కి, మానులా బెరడు కట్టింది. పెరట్లో చిక్కుడుపాదు ఎటు చుట్టుకుంటుందో దానికి ఎదురువైపు, ఎడమకు, చుట్టుకునేది. పాపికొండల్లో ఇదే జాతి తీగ కుడికే తిరుగుతుంది. అదొక్కటి చాలు, ఇది కొత్త రకమేమోనని అనుకోవడానికి. ఆకు పొడవు, కణుపుల దూరం, బెరడు రంగు అన్నీ ఉదయశ్రీ రాసిపెట్టింది. పువ్వు దగ్గర ఖాళీ వదిలింది. పువ్వును కోసి, ఆరబెట్టి, షీటు మీద అతికించి భద్రపరచకపోతే ఎంత రాసినా ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఆ రకానికి ఫణి పేరు ఉంటుంది. రాసినవాళ్ళలో తన పేరూ ఉంటుంది. ఆ రెండో సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

తీగ తీరు మాత్రం ఆమెకు మొదటినుంచీ అంతుపట్టలేదు. ఎండ తగిలేలా పందిరి వేస్తే అటు పాకలేదు. పందిరికి కట్టి కాలేజీకి వెళితే, తిరిగివచ్చేసరికి కట్టు జారి కొస గోడవైపు వాలి ఉండేది. చీమ కూడా ఎక్కేది కాదు. నీడగోడ పట్టుకుని పాకి, తాళం వేసిన ఫణి గది వెంటిలేటర్‌లో దూరింది.

"కొన్ని అడవితీగలు చీకటిని వెతుక్కుంటాయమ్మా. ఎక్కడ చీకటి ముదురుగా ఉంటే అక్కడ పెద్ద మాను ఉంటుందని," అని చెప్పింది ఉదయశ్రీ అప్పుడు.

"ఆ గదిలో మాను ఎక్కడుందే?" అంది కామాక్షి.

నిన్న ఆ గదిలోంచి వాసన వచ్చింది. ఉదయశ్రీ స్టూలెక్కి వెంటిలేటర్‌లోంచి ఫోన్‌తో ఫొటో తీసింది. చీకట్లో ఒక పూలగుత్తి తప్ప ఇంకేమీ పడలేదు.

ఇప్పుడు ఆమె పెరట్లోకి రాగానే మధుబాబు ఊపిరి పీల్చుకున్నాడు. "మీరైనా చెప్పండి ఉదయక్కా. గుమ్మడికాయకి మగవాడు కత్తి పెట్టాలంటే విన్నాం గానీ, పువ్వుకి కూడానా అండీ?"

"మా పుట్టింటి ఆచారం బాబూ. ఏ పాదుకైనా తొలిపూత, తొలికాపు ఇంటి మగవాడే తెంపాలి. వాడొచ్చి తెంపుతాడు."

"సాయంత్రానికి వాడిపోతాయమ్మా. మళ్ళీ ఎప్పుడు పూస్తుందో తెలియదు. ఫణి కనిపెట్టింది ఫణి పేరున ఉండొద్దా?"

కామాక్షి కూతురి వైపు తిరిగింది. "ఇతను కత్తి పెడితే ఈ ఇంట్లో మగవాడు లేడని నేను ఒప్పుకున్నట్టే. ఆ మాట ముందు నువ్వను. వింటాను."

ఉదయశ్రీ తాళం వేసిన తలుపు వైపు చూసింది. "చూడ్డానికైనా తియ్యమ్మా. కొయ్యం," అంది.

కామాక్షి బొడ్డులోంచి తాళంచెవి తీసింది.

తలుపు తెరుచుకోగానే తడిబెరడు వాసన, ముగ్గిన పనసతొనల వాసన కలిసి ముఖానికి కొట్టాయి. తీగ వెంటిలేటర్‌లోంచి గోడవెంట దిగి, కొక్కానికి వేలాడుతున్న ఫణి పొడుగుచేతుల చొక్కా దాకా వచ్చింది. ముంజేతి దగ్గర దూరి, కాలరులోంచి పైకి వచ్చింది. చొక్కా ఎడమచెయ్యి నిండుగా, మోచేతి దగ్గర కొద్దిగా వంగి ఉంది. కాలరు మీద గుత్తి నల్లటి ఎరుపులో తలుపువైపు తిరిగి ఉంది.

"వెలుతురు లేకుండా పూయకూడదండీ ఇది," అన్నాడు మధుబాబు, గుమ్మం దాటకుండానే.

కామాక్షి లోపలికి నడిచింది. మణికట్టు దగ్గర చొక్కా పట్టుకుని మెల్లగా నొక్కింది. జ్వరమొచ్చిన పిల్లవాడి ఒళ్ళు చూసినట్టు మోచేతిదాకా, అక్కణ్ణుంచి భుజందాకా తడుముకుంటూ పోయింది.

"చల్లగా ఉంది," అంది.

ఆమె వదిలాక ఆ చెయ్యి గోడవైపు ఊగి, మళ్ళీ ఇటు వచ్చి నిలిచింది. ఉదయశ్రీ తల ఎత్తి ఫ్యాన్ వైపు చూసింది. అది తిరగడం లేదు.

కామాక్షి పమిట సర్దుకుని గుమ్మం బయటికి వచ్చింది.

"కోసుకో బాబూ," అంది మధుబాబుతో. తరవాత కూతురితో, "శాస్త్రిగారికి ఫోన్ చెయ్యవే. ఏ రోజు కుదురుతుందో కనుక్కో. మీ తమ్ముడికి చెయ్యవలసినవి చేయించేద్దాం."