గోవిందప్ప కుట్టిన గాలిసంచి

మా ఆయన గోవిందప్ప కుట్టిన బట్ట చినగదు. కుప్పంలో ఎవుర్నన్నా అడగండి. ఇస్కూలు నిక్కరు అన్న విడిస్తే తమ్ముడు, వాడు విడిస్తే వాని తమ్ముడు తొడుగుతారు. ఇట్లయితే మళ్ళీ కుట్టించుకునేదానికి ఎవురొస్తారయ్యా అంటే, పేరు నిలస్తాది గదా అంటాడు. ఆ పేరంటే ఆ మనిషికి అంత పిచ్చి.

తొంభై ఎనిమిదిలో శాంతిపురం కాడ ఒగ గ్రానైటు యజమాని నేల చదును చేయించి, చిన్న విమానం దిగేదానికి దావ ఏసినాడు. ఆడ కాపలా ఉండే రంగప్ప ఒగ దినం చినిగిపోయిన పొడుగాటి గుడ్డసంచి తెచ్చినాడు. దాన్ని కంబానికి కడితే గాలి ఎటు తోస్తే అటు లేస్తాదంట. విమానం నడిపే ఆయన పైనుంచి దాన్ని సూసి, గాలికి ఎదురుగా దిగుతాడంట.

"ఇట్లాంటిదే కావల్ల గోవిందప్పా" అన్నాడు రంగప్ప.

మా ఆయన ఆ పల్చటి గుడ్డను వేళ్ళతో నలిపి మొగం చిట్లించినాడు. లారీ టార్పాలిన్ తెచ్చి, రెండు వరసల కుట్టేసి ఇచ్చినాడు. ఇంగ పదేండ్లు దానిపక్క సూసే పనిలేదు అన్నాడు.

నెల తిరక్కుండానే విమానం బండలకు కొట్టుకునింది. ఆ పొద్దు విమానానికి వెనకనుంచి గాలి తోస్తాండాది. సంచి మాత్రం బరువుకు లేవకుండా కంబానికి ఏలాడతాండాది. గాలే లేదనుకొని, విమానం నడిపే మురళీధర్ వచ్చిన దిక్కునుంచే దిగినాడు. చక్రాలు నేల తాకినాక కూడా విమానం ఆగల్లేదు, దావ అయిపోయింది. ఆయన కాలు విరిగింది.

విచారణకు వచ్చినోళ్ళు రంగప్పతో చెప్పిపోయినారంట: వేగం ఎక్కువ, దావ పొట్టి, ఇంగొగసారి చుట్టు తిరిగి సూసుకోవాల్సింది, సంచి కూడా బరువు. మా ఆయనకు ఆ చివరి మాట తప్ప ఏదీ ఎక్కలేదు. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పేసినాడు. నాకు ఒళ్ళు మండింది.

"విమానం నువ్వేమన్నా నడిపినావా?" అంటి.

"గట్టిగా కుట్టిందే తప్పయితే, నాకింగేం వచ్చునే?" అన్నాడు.



కొన్నాళ్ళకు మురళీధరే కర్ర పట్టుకొని కుంటుకుంటా అంగడికి వచ్చినాడు. "తొందరపడింది నేనప్పా, నీ మీద నాకు కోపం లేదు" అన్నాడు. మా ఆయన స్టూలు జరిపి అడిగినాడు.

"సంచి ఎంత గాలికి లేయల్ల సార్?"

"ఆకు కదిలే గాలికి కదిలితే చాలు."

ఆ సాయంత్రం నా పెట్టె తెరిచి, చీరలు ఒగొగటే పైకెత్తి నోటితో ఊదినాడు. నాకిష్టమైన ఎర్ర వాయిల్ చీరే లేచింది.

"ఏడాది కూడా నిలవదు గదయ్యా" అంటి.

"నిలవదు" అన్నాడు. మిషన్ మీద గుడ్డ తీసినాడు.

విమానం మళ్ళీ రాలేదు. ఆ దావలో ఇప్పుడు ఉలవలు పండిస్తాండారు. అయినా ఏడాదికొగసారి మా ఆయన బస్సెక్కి పోయి, చినిగింది విప్పి కొత్తది కట్టి, అది లేసేదాకా కంబం కింద నిలబడి సూసి వస్తాడు. నా పెట్టెలో వాయిల్ చీరలు మిగల్లేదు.