యూరియా వేయని సాళ్ళు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలు పోయించుకుంటూనే నీళ్ళు కలిశాయా అని అడిగే రకాన్ని. పరిశోధనకి అది మంచి గుణమేనని నా గర్వం.

మొక్కజొన్న కాండం ఎదిగేటప్పుడు అందులోని ఎంజైములు లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని తయారుచేస్తాయి. గాలొచ్చినా పైరు పడిపోకుండా నిలబెట్టేది అదే. యూరియా ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ కాండంలో ఆ గట్టితనం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో తేల్చడమే నా పీహెచ్‌డీ. అందుకోసం మాచర్ల దగ్గర పెదనాన్న తన చేలో పన్నెండు సాళ్ళు నాకిచ్చాడు. ఆరింటికి యూరియా వేయాలి, ఆరింటికి అసలు వేయకూడదు.

వారానికోసారి బస్సులో వచ్చి, కాండాలు ముక్కలు కోసి, ఐసు పెట్టెలో కాలేజీకి పట్టుకెళ్ళేదాన్ని. లిగ్నిన్ ఉన్నచోట ఎర్రబడే మందు ఒక చుక్క వేస్తే మొదట్లో తేడా బాగానే కనిపించింది. నెల తిరిగేసరికి రెండు రకాలూ ఒకేలా ఎర్రబడ్డాయి. ఎంజైముల పరీక్షా అదే చెప్పింది. మందు పాతదేమో అనుకున్నాను. దారిలో ఐసు కరిగిందేమో అనుకున్నాను. చివరికి చేలో నిలబడి చూస్తే, పస్తుండాల్సిన ఆరు సాళ్ళూ నవనవలాడుతున్నాయి. నా అనుమానం పెదనాన్న మీదికి పోయింది. ఊళ్ళో పెద్దరికం ఉన్న మనిషి, రోడ్డు పక్కన తన పైరు పాలిపోతుంటే ఊరుకుంటాడా?

అరుగు మీద నలుగురి ముందే అడిగాను. "పెదనాన్నా, నేను వద్దన్న సాళ్ళకి యూరియా వేశావా?"

ఆయన ఒకసారి ఇంట్లోకి చూశాడు. "ఏశాలేమ్మా," అన్నాడు.

"నా చదువంతా గంగలో కలిపావు. నిన్ను నమ్మడం నాదే బుద్ధి తక్కువ," అన్నాను. అన్నం కూడా తినకుండా బస్సెక్కాను.

రెండు రోజులకి పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏమే, ఏసింది నేను. ఆయనకి ఏసినాకే తెలిసింది. ఒకే బంతిలో కూర్చోబెట్టి వలపక్షం చేస్తారంటే? చానా పాపం. పక్కవి పచ్చగా తింటంటే అవి పసుపెక్కి చూస్తన్నయ్. నా పేణం ఒప్పక గుప్పెడు గుప్పెడు మొదళ్ళకాడ పెట్టొచ్చా."

"మరి పెదనాన్న తను వేశానన్నాడేం?"

"నలుగుట్లో నన్ను అంటావని."

నాకు సిగ్గేసింది. ఒక పంటకాలం పోయిందన్న బాధ కూడా ఆ సిగ్గు ముందు చిన్నదైంది.

మరుసటి పంటకి వెళ్ళి, తప్పయిందని చెప్పి, మళ్ళీ సాళ్ళు అడిగాను. పెదనాన్న నన్ను చేలోకి తీసుకెళ్ళాడు. అవే పన్నెండు చూపించాడు. తర్వాత ఎరువుల గదికి కొత్తగా వేయించిన తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ కాడే ఉంచుకోమ్మా. మాకు యూరియా కావాల్సొస్తే నిన్నే అడుగుతాం."