నుదుటి మీద లేచిన రంగు

నతానియేలు చేసే చెక్క చేపలు నీళ్ళలో నిజం చేపలకంటే వయ్యారంగా ఈదుతాయి. చర్చి బల్లలకు పాలిష్ పెట్టిన చేతులవి. మోకాళ్ళు మొరాయించి పెద్ద పనులు మానేశాక, సాగర్ కాలువల్లో గాలాలతో కొర్రమేను పట్టేవాళ్ళ కోసం వేలెడంత ఎరలు చెక్కడం మొదలెట్టాడు. చెక్కను గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును మళ్ళీ రుద్ది, రంధ్రాలు మూసుకునేలా సీలర్ పూస్తాడు. ఆరాక మళ్ళీ నునుపు. పెదవికి ఆనిస్తే పసిబిడ్డ బుగ్గలా ఉండాలి. అప్పుడే రంగు.

అలాంటిది, బ్రాడీపేటలో గాలాల కొట్టు నడిపే శ్రీకృష్ణ గారు పెద్ద ఆర్డరు ఇచ్చిన దగ్గర్నుంచీ రంగు లేస్తోంది. ప్రతి చేపకీ ఒకేచోట, నుదుటి మీద. ఈసారి కూడా ఊడితే వేరేచోట తెచ్చుకుంటామని ఆయన మర్యాదగానే చెప్పారు.

నతానియేలు అనుమానం బావమరిది ఫిలిప్ మీదికి పోయింది. పని నేర్చుకుంటానని రోజూ చేపలు చెక్కే పాకలోకి వచ్చేవాడు. నేర్చుకునేవాడు సీలర్ డబ్బా వాసన చూడటమెందుకు? ఫిలిప్ నవ్వితే ఏదో దాచినట్టుండేది. నవ్వకపోతే, దాచింది బయటపడుతుందని భయపడ్డట్టుండేది. మిరప కల్లాల ఘాటుకి అతను తుమ్మినా నతానియేలు తలెత్తి చూసేవాడు.

చివరికి పాకకు తాళం వేసి, కొన్నాళ్ళు రాబాకురా అన్నాడు.

ఫిలిప్ ముఖం కందింది. "నీ చేపల్ని నేనేం చేసుకుంటాను బావా, పులుసు పెట్టుకుంటానా?"

తాళం వేశాక కూడా రంగు లేచింది. ఇంకో తాళంచెవి ఇంట్లో మేకుకు వేలాడుతుంది. భార్య హెలెన్ తమ్ముడికి ఇస్తోందేమో. అనుమానం ఇంట్లోకొచ్చి అతని కంచం పక్కనే కూర్చుంది.

ఓ మధ్యాహ్నం గుంటూరు వెళ్తున్నానని బయల్దేరి, బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాడు. పాక తలుపు తీసి ఉంది. లోపల హెలెన్ ఒక్కతే. రంగుకు సిద్ధంగా ఉన్న చేపల ముందు పెదాలు కదుపుతూ, చర్చిలో ఇచ్చిన ప్రార్థన నూనెలో బొటనవేలు ముంచి, ఒక్కో నుదుటి మీదా సిలువ గీస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"పెద్ద ఆర్డరని మొదలెట్టానండి. రంగు ఊడుతుంటే, ప్రార్థన చాల్లేదేమోనని ఇంకాస్త ఎక్కువ రాస్తున్నా."

నతానియేలు ఓ చేపను తీసి నుదురు వేలితో తడిమి చూశాడు. ఆమెకది దేవుడి నూనె. రంగుకు వట్టి నూనె, దాని మీద పట్టదు.

"వార్నీషు కూడా ఎండాక రాయవే. ముందు కాదు."

"అప్పుడైతే నిలబడుద్దా?"

"నిలబడుద్ది."

థిన్నర్ గుడ్డతో నుదుళ్ళన్నీ తుడిచి, రుద్ది, మళ్ళీ సీలర్ పూశాడు. మర్నాడు రంగు ఆరిన చేపనొకదాన్ని బకెట్లో నానబెట్టి, సాయంత్రం గోటితో గీకి చూశాడు. కదల్లేదు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని ఫిలిప్ ఇంటికి నడిచాడు.

ఫిలిప్ గుమ్మంలోనే ఉన్నాడు. పక్కకు జరగలేదు.

"తాళం తీసేశాన్రా," అన్నాడు నతానియేలు, చేపను అందిస్తూ.

"దేనికి బావా, పులుసులోకి ఒకటి తక్కువైందా?"

అంటూనే ఫిలిప్ చేపను అందుకున్నాడు. అలవాటు చొప్పున, ముందు దాన్ని వాసన చూశాడు.