టీకాల జాబితాలో ఇద్దరు

మధ్యాహ్నం నేను, పోయిన యాదగిరి సార్ దాచిన కాగితాల కట్ట విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. మొదటి రెండు జాబితాలూ నేను చూసినవే. అడుగున ఉన్న మూడోది పాత మశూచి టీకాల జాబితా. పద్నాలుగో గది: పోచయ్య, భార్య లచ్చమ్మ, ఇద్దరు పిల్లలు. వేలు కిందికి జరుపుతూ పోతే ముప్పై ఒకటో గది దగ్గర ఆగింది. నర్సమ్మ, చంకబిడ్డ మల్లయ్య, తండ్రి పోచయ్య. ఒకే రోజు, ఒకే కాగితం, ఇద్దరు ఆడవాళ్లు. మల్లయ్య మా వారికి తాత. మా వంశం పుస్తకం కోసం నర్సమ్మ, లచ్చమ్మ ఒక్కరే అని రాసి, నేను మొన్ననే దాన్ని అచ్చు వేయిస్తున్న బొల్లారం పెద్దమామయ్యకు, మా మామగారికి అన్న వరసైన ఆయనకు, పంపాను.

సార్‌ను ఎరగనివాళ్లకు ఆయన గురించి చెప్పాలి. డిగ్రీ అవగానే నేను పాత రికార్డుల ఆఫీసు ఒకదానిలో రెండేళ్లు పనిచేశాను. తెల్లవాళ్ల కాలంలో కంటోన్మెంటులో ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఎవరు ఎప్పుడు పోయారో రాసిన కాగితాలు అక్కడ ఉండేవి. యాదగిరి సార్ మా పై అధికారి. పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు. పెన్ను పట్టుకుని కాగితాల దగ్గరికి వస్తే తలుపు బయటే నిలబెట్టేవారు. ఎవరైనా తమ తాతల వివరాలు అడుగుతూ వస్తే, మేము ఏది చదివి చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే. గుమాస్తా రాసిండు సరే, గుమాస్తాకు ఎవరు చెప్పిండ్రు? మొదట్లో నాకు విసుగొచ్చేది. తర్వాత్తర్వాత ప్రతి పేరు వెనకా ఒక మనిషి నిలబడి నోరు తెరిచి చెప్పడం కనిపించసాగింది.

ఒకసారి టీ తాగుతూ సార్ తన తప్పు చెప్పారు. ఒక కుటుంబానికి వంశవృక్షం రాసిచ్చారట. ఒక జాబితాలో భార్య పేరు ఒకటి, ఇంకోదానిలో వేరొకటి. మనలో కొత్తకోడలికి అత్తగారి పేరే ఉంటే ఇంట్లో మరో పేరు పెట్టి పిలుస్తారు కదా, అదే అయి ఉంటుందని ఇద్దరినీ ఒక్కరుగా రాసేశారు. వాళ్లు అచ్చు వేయించుకున్నారు. కొన్ని నెలలకు మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే ఒక ముసలామె ఆ పుస్తకం చీరకొంగులో చుట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

“మా అమ్మ యాడున్నది సారూ ఇండ్ల?” అని అడిగిందట.

సార్ పేరు మీద వేలు పెట్టి చూపించారు. “ఈమె మా పెద్దమ్మ. మా అమ్మను ఈమెల కలిపిండ్రు మీరు” అని, పుస్తకం ఆయన బల్ల మీదే వదిలి వెళ్లిపోయిందట.

“తిట్టినా బాగుండు సరితమ్మా” అన్నారు సార్. “మన రివాజు మనకు తెల్సు గదా అని, ఇంకో కాగితం తెరవలే నేను. బద్ధకానికి రివాజు మంచి సాకు.”

ఆయన పోయాక, నాకు పనికొస్తాయని వాళ్లావిడ ఈ కట్ట యాప్రాల్‌లోని మా ఇంటికి పంపింది. అందులో తిరుమలగిరి పక్కన గుర్రాలను చూసుకునే సాయిసులు ఉన్న లైన్ల, అంటే వరస గదుల, జాబితాలు ఉన్నాయని తెలిసి కూడా, పైన రెండు చూసి ఆపాను. ఒకదానిలో పోచయ్య భార్య లచ్చమ్మ అని, ఇంకోదానిలో మల్లయ్య తల్లి నర్సమ్మ అని ఉంది. పోచయ్య ఆ లైన్లలో సాయిసు. పెద్దమామయ్య లచ్చమ్మ మనవడు, మేము మల్లయ్య సంతానం. పెళ్లిళ్లలో మా శాఖను “అవతలి గది వాళ్లు” అని నవ్వేవాళ్లు ఉన్నారు. ఎందుకో ఎవరూ చెప్పేవారు కాదు. పోచయ్య తల్లి పేరు కూడా నర్సమ్మే అని తెలియగానే పెద్దమామయ్య తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. కోడలి పేరు మార్చిండ్రు, గంతే, ఇగ ఈ లొల్లి వొడిసింది అన్నాడు. నేనూ సంతోషించాను. రివాజు తెలుసు కదా, కట్ట అడుగు వరకు చూడలేదు. ఆయన నోట విని కూడా, సార్ చేసిన తప్పే నేనూ చేశాను.

సాయంత్రం పెద్దమామయ్యకు ఫోన్ చేసి జాబితా సంగతి చెప్పాను. ఆయన మెల్లగా అన్నాడు: “మా బాపు ఆ నర్సమ్మ పేరు ఎన్నడు ఎత్తనియ్యలే. ఎందుకో ఇప్పుడు తెలుస్తున్నది.”

“మరి ఏం చేద్దాం పెద్దమామయ్యా?”

“జెర నా మాట ఇను బిడ్డా. గా కాగితం నువ్వు తప్ప ఎవ్వలు చూడలే. ఇద్దరని రాస్తే నీ పిల్లల పేర్లు పుస్తకంల ఉండనియ్యరు మావోళ్లు. నేనొక్కన్ని ఆపలేను.”

బెదిరింపు కాదది. ఆయనకు నా పిల్లలంటే ప్రాణం. అందుకే భయమేసింది. ఇది రాస్తూ మూడుసార్లు లేచాను. తలుపు గడియ చూశాను. చిన్నవాడి దుప్పటి సర్దాను, సర్దిందే మళ్లీ సర్దాను. రేపు ఎవరైనా పెళ్లిలో నా కూతురిని మీరు ఏ ఇంటోళ్లు అని అడిగితే, పుస్తకం తిరగేసి నవ్వితే? ఒక్క ముక్క రాయకపోతే ఏమీ జరగదు. నర్సమ్మ వచ్చి అడగదు. ఆమె తరఫున పుస్తకం పట్టుకుని రాగలవాళ్లు ఎవరైనా ఉంటే, పక్క గదిలో నిద్రపోతున్న నా పిల్లలే. వాళ్లు పెద్దయ్యాక అడిగితే నేను ఎవరి మీద వేలు పెట్టి చూపించాలి? సార్ నాకు పని నేర్పారనుకున్నాను. ఆయన తన పశ్చాత్తాపం నాకు అప్పగించి పోయారు, అదింకా నా దగ్గరే ఉంది.

రాత్రి అక్కడితో ఆపాను. ఈ నాలుగు మాటలు పొద్దున పిల్లల బస్సు వెళ్లాక రాస్తున్నాను. పేజీ దిద్ది పెద్దమామయ్యకు పంపాను. నర్సమ్మకు వేరే గడి గీసి, పోచయ్యకు ఏమవుతుంది అన్నచోట ఖాళీగా వదిలాను, జాబితాలోనూ ఖాళీయే కాబట్టి. ఇంకా జవాబు రాలేదు.

బస్సు రాకముందు నేను పాపకు జడ వేస్తుంటే చిన్నవాడు బూట్లతో కుస్తీ పడుతున్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: “మీ ముత్తాతను కన్నతల్లి పేరు నర్సమ్మ. ఆమెకు పెళ్లయిందో లేదో నాకు తెలియదు. పిల్లవాడిని ఎత్తుకుని టీకా వేయించడానికి పోయింది, అక్కడ తన పేరు, వాడి పేరు, వాడి నాన్న పేరు చెప్పింది. అంతవరకు తెలుసు. బొల్లారం తాత వేయించే పుస్తకంలో మన పేర్లు ఉండకపోవచ్చు. మీరు ఏ తప్పూ చేయలేదు, ఆమె కూడా చేయలేదు. మీరెవరి పిల్లలని ఎవరైనా అడిగితే, నర్సమ్మ మునిమనవడి పిల్లలమని చెప్పండి.”