రేడియేటర్‌లో కుళాయి నీళ్లు

మధ్యాహ్నం యీషున్‌లోని కార్ల వర్క్‌షాప్‌లో తిరుమలేష్ ఫ్రీజర్ తెరిచాడు. పొద్దున నిండా నీళ్లు పోసి మరిచిపోయిన గాజు సీసా నిలువునా పగిలి ఉంది. లోపలి మంచు మాత్రం సీసా రూపంలోనే తెల్లగా నిలబడింది. దాన్ని చేతిలోకి తీసుకోగానే నెల కిందటి బండి గుర్తొచ్చింది.

జగిత్యాల నుంచి ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది. ఈ ఊరి ఆకాశం ఎండనిస్తుంది, వాననిస్తుంది, చలినెప్పుడూ ఇవ్వదు. అందుకే రేడియేటర్ పైపు మార్చిన ప్రతిసారీ తిరుమలేష్ కుళాయి నీళ్లే పోస్తాడు. నెల కిందట, ఇక్కడ నడిపే గడువు పదేళ్లు నిండి ఎగుమతికి వెళ్తున్న ఒక తెల్ల కారులోనూ అవే పోశాడు. దాన్ని కొన్నవాడు మంగోలియా నుంచి వచ్చిన బాతార్. టాక్సీ నడుపుకుంటానన్నాడు. ఫోన్‌లో కూతురి ఫొటో చూపించాడు. బానెట్ మీద చెయ్యి ఉంచి, "గుడ్?" అని అడిగాడు. తిరుమలేష్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఎగుమతి కాగితాలు చూసే జహీర్ గదిలోకి సీసాతోనే పరుగెత్తాడు.

"భాయ్, బాతార్ బండి యాడుంది?"

"ఏం మియా, దానికి లవ్ లెటర్ రాస్తవా? చైనాల ఓడ దిగింది, రైలెక్కింది. ఎల్లుండి చేరుతది."

"ఆడ చలెంత?"

జహీర్ ఫోన్ చూశాడు. నవ్వు ఆగిపోయింది. "మైనస్ ఇరవై ఆరు."

"అండ్ల యాంటీఫ్రీజ్ పొయ్యలే భాయ్. ఉత్త నీళ్లే. గడ్డకడితే ఇంజన్ పగుల్తది. దార్ల ఎవరన్నా తీసి పారబోస్తరా?"

"కంటెయినర్‌కు సీలేసిన్రు. ఎవడు తెరుస్తడు?"

తిరుమలేష్ సీసాను బల్ల మీద పెట్టాడు. జహీర్ ఇద్దరి తరఫునా ఫోన్‌లోనే బాతార్ భాషలోకి మార్చి మెసేజ్ పంపాడు: లోపల నీళ్లే ఉన్నాయి, స్టార్ట్ చేయకండి.

కాసేపటికి ఫోన్ మోగింది. ముందు ఫొటో వచ్చింది. ఇంటి ముందు మంచు ఊడ్చి, కారు పట్టేంత నేల శుభ్రం చేశారు. ఉన్ని టోపీ పెట్టుకున్న పాప ఆ ఖాళీ మధ్య నిలబడి నవ్వుతోంది. మెసేజ్ చూడకముందు పంపినట్టుంది. తర్వాత ఒక్క వాక్యం వచ్చింది. జహీర్ దాన్ని మార్చి మెల్లగా చదివాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏం రాయమంటవ్?" అన్నాడు జహీర్.

బల్ల మీది సీసా పగులులోంచి కరిగిన నీళ్లు సన్నగా కారుతున్నాయి. తిరుమలేష్ అరచెయ్యి అడ్డం పెట్టాడు. అవి వేళ్ల సందుల్లోంచి నేల మీదికి జారిపోతూనే ఉన్నాయి.